కారు రంగు

మొన్న మాఘమాసంలో ఒక ఉదయం పారాయణ ముగించి హారతి ఇస్తుంటే ఫోను మోగింది. హారతి మధ్యలో ఫోను తీసే అలవాటు నాకు లేదు. అది మోగి ఆగి మళ్ళీ మోగింది. తీర్థం పుచ్చుకుని తీసేసరికి అవతల మా అన్నయ్య కోదండరామయ్య. పలకరింపు లేదు, ఎలా ఉన్నావని లేదు. "జానకీ, మన అంబాసిడర్ ఏం రంగే?" అన్నాడు. డెబ్భై దాటిన మనిషి గొంతులో, పరీక్ష హాల్లో పక్కవాణ్ణి జవాబు అడిగే పిల్లాడి ఆత్రం. నేను వెంటనే చెప్పబోయాను. కళ్ళు మూసుకుంటే కారు కనపడుతోంది, దాని గుండ్రటి దీపాలు కనపడుతున్నాయి, లోపల అద్దానికి వేలాడే తులసి పూసల దండ కనపడుతోంది. రంగు కూడా కనపడుతూనే ఉంది. దాని పేరే నోటికి రావడం లేదు. చివరికి ఆకుపచ్చ అన్నాను. అన్నయ్య నవ్వాడు. వదిన బూడిద రంగు అందట. పామర్రులో ఉన్న మా పెదనాన్న కొడుకు ఒట్టేసి మరీ నీలం అన్నాడట. ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ నలుపూ తెలుపూ. మరి అత్తయ్య ఏమందని అడిగాను. "ఏమంటుంది? కారు రంగు అంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు" అన్నాడు.

ఈ మాట మా ఊరి వాళ్ళకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. మాది పామర్రు దాటాక పొలాల మధ్య ఉన్న చేనేత ఊరు. అక్కడ రంగుల పేర్లు వస్తువులను బట్టే ఉండేవి. వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, నెమలికంఠం, గంధం రంగు. ఆ వరసలోనే కారు రంగు. మా నాన్న కారు కొన్నాక, దాన్ని చూసి మా అత్తయ్య నూలుకు అద్దిన రంగు అది. ఆ రంగు చీరలు మా చుట్టుపక్కల చాలా ఏళ్ళు నడిచాయి. కట్టుకున్న ఆడవాళ్ళలో సగం మంది ఆ కారుని చూసి కూడా ఉండరు. ఇప్పుడు చీరలూ లేవు, రంగు తొట్లూ లేవు. కారు మాత్రం నాన్న పోయాక ఆయన స్నేహితుడి రైసుమిల్లు గోదాములో ఒక మూల తవుడు దుమ్ము కప్పుకుని ఉండిపోయింది. వన్‌టౌన్‌లో బట్టల కొట్టు కొడుక్కి అప్పగించి ఖాళీ అయిన అన్నయ్య, ఉన్నట్టుండి దాన్ని లారీ మీద వేయించి బెజవాడ ఆటోనగర్‌కు తెప్పించాడు. ఇంజను కదిలింది. తుప్పు తిన్న చోట్లన్నీ కొత్త రేకు అతికారు. ఎలుకలు కాపురం పెట్టిన సీట్లు మార్చారు. ఇక రంగు మిగిలింది. అది శ్రీరామనవమికి పూర్తి కావాలి, అదీ అసలు రంగు కావాలి. ఎందుకంటే అత్తయ్య అలా అంది.

మా సుభద్ర అత్తయ్య నాన్నకు చెల్లెలు. పెళ్ళైన కొద్ది రోజులకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఆ రోజుల్లో అలాంటి ఆడదాన్ని శుభకార్యానికి పిలిచేవాళ్ళు కాదు, ఎదురొస్తే ఇంట్లోకి తిరిగివెళ్ళి కాసేపు కూర్చుని బయల్దేరేవాళ్ళు. మా ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, ఊరి రామాలయంలో నవమి నాటి కల్యాణానికి సీతారాముల బట్టలు మా మగ్గం మీదే నేయాలి, మా ఇంటి మనిషే పట్టుకెళ్ళి పంతులుగారి చేతికివ్వాలి. కారు కొన్న ఏడాది మా నాన్న ఆ బట్టల పళ్ళెం అత్తయ్య చేతిలో పెట్టి, కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, ఊరంతా తిప్పి గుడికి తీసుకెళ్ళాడు. గుడి ముందు పెద్దలు గొణిగితే నాన్న తన భజన మండలి అందరి ఎదుటా ఒకటే మాట అన్నాడు. "రాముడి పెళ్ళిలో అశుభం అనే మాటకు చోటు ఎక్కడుందండీ? ఆయన పేరు చెప్పుకునే మనిషి ఎదురొస్తే అది శకునమేగా." మండలి మొత్తం భజన అందుకుంది, గొణుగుడు అందులో మునిగిపోయింది. అప్పట్నుంచి నాన్న బతికి ఉన్నన్నాళ్ళూ ఆ పని అత్తయ్యదే. నాన్న పోయి కారు మూలపడ్డాక ఆవిడ నవమికి ఊరెళ్ళడం మానేసింది. బట్టలు ఇప్పుడు అన్నయ్య మంగళగిరిలో నేయించి పంపుతున్నాడు, అత్తయ్య అన్నయ్య దగ్గరే బెంజ్ సర్కిల్ వెనక అపార్టుమెంటులో ఉంటోంది. ఎన్నోసార్లు టాక్సీలో తీసుకెళ్తామన్నాం. వద్దంది. కారు బాగు చేయిస్తున్నానని అన్నయ్య చెప్పిన రోజున మాత్రం ఆవిడ లేచి కూర్చుంది. "కారు రంగు కారైతే వస్తాను. ఏదో రంగు పూసి ఇదే మీ నాన్న కారంటే ఎక్కను" అంది. తొంభైకి దగ్గర పడుతున్న మనిషి. ఇంకెన్ని నవములు చూస్తుందో ఆ రాముడికే తెలియాలి. అన్నయ్య ఆత్రానికి కారణం అదీ.

ఆ ఫోను పెట్టేశాక నాకు ఆ రోజంతా మా పాత పెరడే కళ్ళ ముందు. తెల్లవారకముందే అత్తయ్య పొయ్యి మీద రాగి డేగిసా ఎక్కించేది. రంగు నీళ్ళు కాగే వాసన ఒకలాంటి ఘాటు, ముక్కులో రోజంతా ఉండిపోయేది. ముందు వసారాలో మగ్గాల దగ్గర గంజి వాసన. దేవుడి గదిలోంచి కర్పూరం. ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. నూలు చిలపలు, అంటే రంగులో ముంచి తీసిన నూలు కట్టలు, దండేల మీద ఆరుతుంటే వాటి కిందుగా వంగి నడుస్తూ మేం బడికి వెళ్ళేవాళ్ళం. తడి చిలప భుజానికి తగిలిందంటే ఆ పూట లాగూ మీదో గౌను మీదో ఒక చార ఖాయం. బడిలో పంతులుగారు ఆ చార చూసి ఇవాళ మీ ఇంట్లో ఏ రంగు కాస్తున్నారో చెప్పేవారు. అత్తయ్య చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులోనే ఉండేవి. ఒంటి మీద మాత్రం తెల్ల నేత చీర. ఊరందరికీ రంగులద్దిన మనిషి, తను ఒక్క రంగూ కట్టలేదు. చిన్నప్పుడు అది నాకు వింతగా తోచలేదు.

నాన్న కారు కొన్నది దర్జా కోసం కాదు. మా భజన మండలి శనివారాలు ఊళ్ళు తిరిగేది. ఇటు పామర్రు, అటు హనుమాన్ జంక్షన్ దాకా పిలిచిన చోటికల్లా వెళ్ళేవాళ్ళు. హార్మోనియం ఒకరి నెత్తిన, మృదంగం ఒకరి భుజాన, ఎడ్లబండి మీద తెల్లార్లూ ప్రయాణం. ఒకసారి వానలో హార్మోనియం తడిసి గొంతు పోయింది. ఆ దిగులు నాన్నను కారు కొనేదాకా నిద్రపోనివ్వలేదు. కారు వచ్చిన రోజు సాయంత్రం మండలి అంతా దాని చుట్టూ చేరి భజన చేశారు, తర్వాత ఎంతమంది పడతారో చూద్దామని అందరూ ఒకేసారి ఎక్కారు. మా ఇంట్లో దేన్నయినా నేత బట్టను చూసుకున్నట్టే చూసుకునేవాళ్ళు. అమ్మ ఆ కారును కుంకుడురసంతో కడిగించేది. సబ్బు పెడితే రంగు దిగిపోతుందని భయం. శుక్రవారం శుక్రవారం బానెట్టు మీద, ముందు జాలీకి కాస్త పైన, పసుపు నువ్వులనూనెలో కలిపి అరచెయ్యంత మేర అలికి కుంకుమ బొట్టు పెట్టేది. మండలి ప్రయాణం ఉంటే మళ్ళీ పెట్టేది.

ఆ రంగును చూసి అందరూ మురిసిపోతే, అత్తయ్య మాత్రం రెచ్చిపోయింది. లేత పచ్చ కాదు, బూడిద కాదు, నీలం నీడ ఒకటి లోపల్నుంచి తొంగి చూస్తుంది. ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉండేది. ఇలాంటిది నూలు మీద పట్టుకోవాలని ఆవిడకు పంతం పుట్టింది. రోజూ పొద్దున్నే ఆరిన చిలప ఒకటి తెచ్చి కారు తలుపు మీద పరిచేది. రంగు కుదిరిందో లేదో చూసే పద్ధతి మా ఇంట్లో ఒకటుంది. తడి మీద చూడకూడదు. ఎండలో చూడకూడదు, దీపం కింద అసలే చూడకూడదు. పొద్దుటి పూట నీడలో, రెండూ ఆనించి పెట్టి, కళ్ళు సగం మూసుకుని చూడాలి. రెండింటి మధ్య గీత కనపడకుండా పోతే కుదిరినట్టు. అత్తయ్య కళ్ళు సగం మూసి, పెదవి విరిచి, చిలప లాక్కుని వెళ్ళిపోయేది. మళ్ళీ డేగిసా, మళ్ళీ పొయ్యి. చివరికి ఒక పొద్దున ఆవిడ కారు దగ్గరే నిలబడిపోయింది. మేం పరుగెత్తుకెళ్ళి చూస్తే తలుపు మీద చిలప ఉన్న సంగతే తెలియడం లేదు. ఆ నూలుతో మొదటి చీర అమ్మకు నేశారు. అమ్మ దాన్ని ఏటా నవమి నాడే కట్టేది.

ఆ రోజుల్లో ఒక శనివారం భజన ముగిశాక ఒకాయన నాన్నను ఒక ప్రశ్న అడిగాడు. స్వామిని ఒకరు నీలమేఘశ్యాముడంటారు, ఒకరు గరికపోచ రంగువాడంటారు, ఒకరు అవిసెపువ్వు అంటారు, ఇంతకీ అసలు రంగు ఏదని. నాన్న నవ్వి, ఒక్క పోలికతో సరిపోయేదైతే పెద్దలు ఇన్ని పోలికలు ఎందుకు చెబుతారన్నాడు. చూసినవాళ్ళు తమకు తెలిసిన వస్తువుతో చెప్పుకున్నారు, ఎదురుగా నిలబడ్డప్పుడు పేరుతో పని ఉండదు అన్నాడు. నాకది అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం ఆటోనగర్‌లో అర్థమైంది.

అన్నయ్య ఫోను చేసిన మర్నాడే అక్కడికి వెళ్ళాను. పెయింటు షెడ్డు బాజీ గారిది. గట్టి మనిషి, గట్టి గొంతు, తన పని గురించి తానే చెప్పుకోవడానికి మొహమాటం లేదు. ఆయన దగ్గర రంగు చదివే యంత్రం ఒకటుంది. "మీరు రంగు చూపించండమ్మా చాలు, కంప్యూటర్లో కొడితే నంబరు వచ్చేసిద్ది. మీ నాన్నగారే దిగొచ్చి ఇది నాదే అంటారు" అన్నాడు. చూపించడానికి రంగు మిగలాలిగా. పైకప్పు సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. ఎప్పుడో సొట్ట పడితే తలుపులకు వేరే రంగు వేయించారు. పక్కలు పొడిపొడిగా రాలుతున్నాయి. బానెట్టు ముందు భాగాన మాత్రం అరచెయ్యంత మేర రంగు చెక్కుచెదరకుండా నిగనిగలాడుతోంది. అమ్మ పూజ చేసిన చోటు అది. ఊరంతా కొట్టుకుపోయినా గుడి మిగిలినట్టు అనిపించింది. బాజీ గారు డిక్కీ రబ్బరు కింద చూద్దామన్నాడు, అక్కడైతే ఎండ తగలదని. "అమ్మ పసుపు రాసిన చోటు దేవుడు కాపాడి చూపిస్తుంటే డిక్కీలో వెతకడమేంటండీ" అన్నాను. అన్నయ్య కూడా చేతులు జోడించి అవునన్నాడు. ఇద్దరు భక్తుల మధ్య బాజీ గారు ఏం చేస్తాడు. యంత్రం పెట్టి చదివించాడు, రంగు కలిపి ఒక రేకు ముక్క మీద కొట్టి ఇచ్చాడు. చూడగానే ఇదేనని పొంగిపోయాం. నిమ్మకాయ నీళ్ళలో కలిపిన పచ్చలా ఉంది. అన్నయ్య ఆ రేకును కొత్త పట్టుచీర పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

అత్తయ్య బాల్కనీలో నీడకు కుర్చీ వేయించుకుని, రేకు దూరంగా పెట్టి దగ్గరగా పెట్టి చూసింది. "ఏంట్రా ఇది, పచ్చకామెర్ల రోగిలా ఉంది?" అంది. అన్నయ్య నావైపు తిరిగాడు. నాకూ అప్పుడే తట్టింది. పసుపు. నూనెలో కలిపి ఏళ్ళ తరబడి అలికిన పసుపు, రంగులోకి ఇంకిపోయి, గోదాము చీకట్లో అలాగే ఉండిపోయింది. మేం భక్తిగా పట్టుకొచ్చింది కారు రంగు కాదు, అమ్మ శుక్రవారాలు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. వదిన వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది ఏమైందోనని. అందరం నవ్వుతుంటే అత్తయ్య మాత్రం నవ్వలేదు. మరి అసలు రంగు ఎలా చేశావో చెప్పవే అని అన్నయ్య బతిమాలాడు. ఆవిడ చేతులు చూసుకుంది. ముందు పచ్చలో నల్ల చుక్క అంది, కాదు నీలంలో ముంచానంది, మళ్ళీ అదీ కాదంది. చివరికి కళ్ళు మూసుకుని, చూస్తే తెలుసు గానీ చెప్పడం తెలియదంది. రేకు అన్నయ్య చేతిలో పెట్టి లోపలికి వెళ్ళి పడుకుంది. ఈ ఏడాది కూడా అంతేనా అన్న భయం మాకు అప్పుడు పట్టుకుంది.

ఇంటికి ఆటోలో వస్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. పక్కన స్కూటీ మీద ఒకమ్మాయి, చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా పైకి దోపుకుని కూర్చుంది. చీర అంచు తిరగబడి లోపలి ఫాల్ కనపడుతోంది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. అమ్మ పోయాక ఆ కారు రంగు చీర నాకే వచ్చింది. బీరువాలో అడుగున ఉంది. అది వెలిసిపోయిందని నాకు తెలుసు, అందుకే అప్పటిదాకా గుర్తే రాలేదు. కానీ నేను దాన్ని కట్టుకుందామని, అమ్మ ఉన్నప్పుడే ఒకసారి ఫాల్ వేయించాను. ఫాల్ కుట్టాక ఆ కింద బట్టకు ఎండ తగలలేదు, రాపిడి తగలలేదు. ఆటోవాణ్ణి తొందరపెట్టాను. "సిగ్నల్ ఎర్రగా ఉందమ్మా, నేనేం ఎగరను" అన్నాడు. ఇంట్లో చెప్పులు కూడా విప్పకుండా బీరువా తెరిచాను. నాకు జ్ఞానం వచ్చాక చెప్పులతో ఆ గదిలోకి వెళ్ళింది ఆ రోజే. చీర మడతల దగ్గర తెల్లబడి, మిగతా అంతా కడిగిన పలకలా ఉంది. బ్లేడు తీసుకుని ఫాల్ కుట్టు విప్పాను. దారం తెగుతున్న కొద్దీ కిందనుంచి అది బయటికొచ్చింది. పచ్చా బూడిదా నీలమూ, ఏదీ కాదు, అన్నీ ఉన్నాయి. మా ఇంటి ముందు ఆగి ఉన్న కారు తలుపు. నేను నేల మీదే కూర్చుని అన్నయ్యకు ఫోను చేసి, "దొరికిందిరా" అన్నాను. అన్నయ్యను రా అన్నది నా జన్మలో అదొక్కసారే. ఆయన కూడా పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డు తెరవకముందే ఇద్దరం వెళ్ళి నిలబడ్డాం. ఈలోగా బాజీ గారు మేం వద్దన్న చోట్లన్నీ వెతికి పెట్టాడు. డిక్కీ రబ్బరు కింద రంగు మిగిలిన ఒక రేకు తునక దొరికింది, కొంచెం నీలంగా ఉంది. వెనక తలుపు స్తంభానికి ఉండే అంచు రేకు కింద ఇంకో తునక, కొంచెం పచ్చగా ఉంది. రెండూ ఎండ చూడని చోట్లే, రెండూ ఒకేలా లేవు. రబ్బరు కరిగి అంటిన చోట రంగు మారుతుందని ఆయనే చెప్పాడు, ఏది మారిందో ఏది మారలేదో మాత్రం ఆయనా తేల్చలేకపోయాడు. షెడ్డు ముందు నీడలోకి రెండూ తెచ్చాం. చీర అంచు మొదట డిక్కీ తునకకు ఆనించాను. కళ్ళు సగం మూశాను. గీత సన్నగా, స్పష్టంగా కనపడింది. తర్వాత తలుపు తునకకు ఆనించాను. కళ్ళు సగం మూసి తెరిచి మళ్ళీ మూశాను. గీత లేదు. బట్ట ఎక్కడ అయిపోయిందో రేకు ఎక్కడ మొదలైందో తెలియలేదు. అన్నయ్య చూశాడు, బాజీ గారు చూశాడు. ముగ్గురం వరసగా నిలబడి కళ్ళు అరమూసుకుని ఒక చీర అంచు కేసి చూస్తుంటే, పక్క షెడ్డు వాళ్ళు పని ఆపి మా కేసి చూశారు. ఆ క్షణంలో నాన్న అన్న మాటలో మిగతా సగం తెలిసింది. ఎదురుగా నిలబడ్డాక నేను దానికి పేరు వెతకలేదు.

యంత్రం నంబరు ఇచ్చింది, కానీ కలిపి కొడితే దగ్గరగా వచ్చింది తప్ప అది రాలేదు. అక్కణ్ణుంచి బాజీ గారు పుల్లతో చుక్క నలుపు, చుక్క పసుపు అని కలుపుతూ ఒక్కో రేకు ముక్క మీద కొట్టి చూశాడు. ఒకటి కొట్టగానే నేను ఇదే అనబోయాను. "తడి మీద చూడకే, అత్తయ్య వింటే చంపుద్ది" అన్నాడు అన్నయ్య. ఆరేదాకా టీ తాగుతూ కూర్చున్నాం. ఆరాక అదే. ఆ రేకూ చీరా కలిపి అత్తయ్యకు పట్టుకెళ్ళాం. ఆవిడ చీర అంచును వేళ్ళతో నలిపి చూసింది, వాసన చూసింది, రేకును పక్కన పెట్టి చాలాసేపు అరమూసిన కళ్ళతో ఉండిపోయింది. "రేకు ముక్క మీద కుదరడం వేరు, కారు మీద కుదరడం వేరు. నవమి నాడు చూస్తా" అంది. ఇక నవమి దాకా అన్నయ్యకు నిద్ర లేదు, నాకు జపం మీద మనసు నిలవలేదు. రామా, ఈ ముసలి ప్రాణాన్ని నీ పెళ్ళికి రప్పించుకో అని అడిగాను. పెయింటు సంగతి దేవుడికి మొరపెట్టుకోవడం తప్పేమో అనిపించింది ఒకసారి. తర్వాత, అడిగింది పెయింటు కాదుగా అనుకుని మళ్ళీ అడిగాను.

నవమి పొద్దున్న అపార్టుమెంటు కింద కారు నిలబెట్టాడు అన్నయ్య. ఎండ ఇంకా గోడ దాటలేదు. అత్తయ్య లిఫ్టులో దిగింది, తెల్ల నేత చీరలో, వదిన చెయ్యి పట్టుకుని. బట్టల పళ్ళెం నా చేతిలో ఉంది. ఆవిడ కారు దగ్గరికి వెళ్ళలేదు. కాస్త దూరంలో ఆగి, కళ్ళు సగం మూసింది. తర్వాత చుట్టూ తిరిగింది, ఒక చేత్తో కారును పట్టుకుంటూ, మెల్లగా. వెనక తలుపు దగ్గర ఆగి తలుపు మీద అరచెయ్యి పరిచి ఉంచింది. పొయ్యి దగ్గర కాగి కాగి ముడతలు పడ్డ చెయ్యి. "తలుపు తియ్యవే" అంది నాతో. ఎక్కి కూర్చుని రెండు చేతులూ చాచింది, పళ్ళెం కోసం. ఒళ్ళో పెట్టుకున్నాక ఆవిడ వీపు నిటారుగా అయింది. నేను పక్కన కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను.

బందరు రోడ్డు ఎక్కాం. అప్పట్లో నవమి నాడు ఈ కారు నిండా మనుషులు, మనుషుల మధ్య వాయిద్యాలు, ఒకరు పాడితే అందరూ అందుకునేవాళ్ళు. కిటికీలోంచి తాళాల చప్పుడు పొలాల్లోకి పోయేది. ఇప్పుడు మా మండలి ఫోనులో ఉంది, పొద్దున్నే దేవుడి బొమ్మలు పంపుకుంటారు. దాన్ని తక్కువ చేయను, ఎక్కడెక్కడి వాళ్ళమో ఆ బొమ్మల వల్లే కలిసి ఉన్నాం. కానీ ఒకే కారులో ఇరుక్కుని, ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతుంటే పుట్టే భజన వేరు. అప్పుడు రంగుకు పేరుండేది, దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషికి నెల పట్టేది. ఇప్పుడు నంబరుంది. అయినా చివరి చుక్క కోసం పుల్ల పట్టుకోవలసిందే. అంత తేడా ఏమీ లేదేమో అనిపించింది ఆ పొద్దున. ముందు సీట్లో వదిన, స్టీరింగు దగ్గర అన్నయ్య. ఆయనకు ప్రాణమంతా పెయింటు మీదే. లారీ వెనక ఉంటే కంకర ఎగిరి తగులుతుందని ఆగిపోయేవాడు. బైకు పక్కకొస్తే హ్యాండిలు గీసుకుంటుందని ఎడమకు జరిగేవాడు. మమ్మల్ని దాటుతున్న ప్రతివాడూ తొంగి చూసి నవ్వుతూ, ఫోనులో ఫొటో తీసుకుంటూ వెళ్తున్నాడు. ఉయ్యూరు దాటేసరికి ఎండ పైకొచ్చింది. గుడి దగ్గర్నుంచి వదినకు రెండోసారి ఫోను వచ్చింది, బట్టలు ఇంకా రాలేదేమని.

అత్తయ్య ముందుకు వంగి అన్నయ్య భుజం మీద తట్టింది.

"ఒరేయ్ కోదండం, అక్కడ పెళ్ళివారు బట్టల కోసం కూర్చుంటే నువ్వు రంగు చూసుకుంటావేంట్రా? గీత పడితే బాజీ మళ్ళీ వేస్తాడు. తొక్కు."

అన్నయ్య అద్దంలో ఆవిడ మొహం చూశాడు. తొక్కాడు. నేను ముందు సీటు గట్టిగా పట్టుకుని రామనామం అందుకున్నాను.